కొండ మీద భయం కరువైన ఏడు

మొదట్లో సుదర్శనం చేతిలో ఉన్నవి ఇవి: రాతిమెట్ల కొండ అడుగున ఒక కిరాణా కొట్టు, కొండ మీద పైవరసలో రెండు గదుల ఇల్లు, మాణిక్యం అనే భార్య, కొండంతటికీ తెలిసిన నోరు, వీటన్నిటికీ కాపలాగా పుట్టుకతో వచ్చిన పిరికితనం.

ఆ చివరిదాన్ని అతనెప్పుడూ దాచుకోలేదు. మబ్బు పడితే చాలు, పప్పు బస్తాలు అటకెక్కించేవాడు. కొత్త కంపెనీ సబ్బు వస్తే ఒక్క పెట్టెకు మించి దించుకునేవాడు కాదు. పొద్దున లేవగానే ఇంటి వెనకున్న ఏనుగు బండ వంక చూసి, అది ఉన్నచోటే ఉందని రూఢి చేసుకున్నాకనే మెట్లు దిగేవాడు.

"మీరు కాపలా కాయకపోతే అది పారిపోద్దా ఏంటి?" అని మాణిక్యం వెక్కిరించేది.

"పారిపోతే మంచిదే. మనవైపు కాకుండా పోతే చాలు" అనేవాడు.

రాతిమెట్ల కొండ బెజవాడలో బండల మధ్య సందు దొరికిన చోటల్లా ఇల్లు లేచిన కొండల్లో ఒకటి. అక్కడికి ఎవరొచ్చినా ఒకటే అడిగేవారు: మీకేం లేదు? ఆఫీసులవాళ్ళు అడిగారు, సంఘాలవాళ్ళు అడిగారు, ఓట్లకొచ్చినవాళ్ళు అడిగారు. దారి లేదు, కాలువ లేదు, కుళాయి లేదు. అడిగించుకుని అడిగించుకుని ఆ జనం లేనివి చెప్పడంలో ఆరితేరిపోయారు. ఉన్నవి మాత్రం వాళ్ళూ మర్చిపోయారు.

తిరగేసి అడిగింది నిరుపమ ఒక్కతే. ఆమె మాణిక్యం తమ్ముడి కూతురు. ఆ మెట్ల మీదే పెరిగి, నరాల శాస్త్రం చదివి, పెద్ద పరిశోధనశాలలో పనిచేసి, ఆ ఏడు కొండ మీద మూతబడ్డ బడి గదిలోకి నాలుగు ఇనప పెట్టెలతో దిగింది.

"మావయ్యా, ఈ కొండ మీద ఎవరి చేతిలో ఏ పనుందో నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. చెప్పు" అంది, కొట్టు అరుగు మీద కూర్చుని.

"ఎవరికేం లేదో చెప్పమంటావా?"

"అది అందరూ అడిగారుగా. ఏముందో చెప్పు."

సుదర్శనం తూకం రాయి చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. దారం ఎవరు కొంటారో తెలిసినవాడికి కుట్టేది ఎవరో తెలియదా? జుబేదా కళ్ళు మూసుకుని కాజాలు కుడుతుంది. అబ్రహాం మేస్త్రీ తాపీ పడితే గోడకు తూకపు గుండు అక్కర్లేదు. సూరమ్మ భుజాన వేసుకుంటే ఎంత ఏడుపు పిల్లయినా ఊరుకుంటుంది. ఇస్సాకు క్వారీలో బండలకు మందు కూరి, వత్తి అంటించి, నడిచి వచ్చినవాడు. పరిగెత్తి కాదు, నడిచి. ఒక్కో పేరే చెబుతుంటే ఇంత సరుకు ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఉందా అనిపించింది అతనికి.

నిరుపమ కనిపెట్టింది మణికట్టుకు వేసుకునే పట్టీ. చూడ్డానికి గాజంత లేదు. మొదటిరోజు బడి గదిలో జుబేదా చేతికొకటి, మాణిక్యం చేతికొకటి కట్టింది. మాణిక్యానికి బొత్తాం కుట్టడం కూడా రాదు. జుబేదా సూది గుచ్చింది. పక్కనున్న మాణిక్యం వేళ్ళు తమంతట తామే సర్దుకున్నాయి. "అమ్మో, నా చెయ్యి కాదే ఇది!" అని అరిచింది. తర్వాత చూసుకుంటే గుడ్డ మీద చక్కటి కాజా. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కొన్నాళ్ళు ఇలా పక్కన ఉంటే చాలు. ఆ తర్వాత పట్టీ తీసేసినా పని నీ చేతిలోనే ఉండిపోద్ది అత్తయ్యా" అంది నిరుపమ. ఆమె గర్వమంతా ఆ మాటలోనే ఉంది. ఒకరికి ఉన్నది ఊరందరిదీ అవుతుంది, ఇచ్చినవారికి తరగదు. పెట్టెల్లోని యంత్రం ఒకరి నరాల్లో ఉన్న నేర్పును కొద్దికొద్దిగా తోడి కొండంతా పారిస్తుంది.

పట్టీలు పంచే పని సుదర్శనానిదే. ఉప్పూ పప్పూ పక్కన వాటికొక అర కేటాయించాడు. తను మాత్రం కట్టుకోలేదు. అమ్మే సరుకు తను వాడకూడదని అతని తండ్రి పెట్టిన కట్టడి. కొట్లో బెల్లం ముక్క కూడా నోట్లో వేసుకునేవాడు కాదు.

"శెట్టిగారు విషం అమ్ముతున్నారేమో, తను మాత్రం తినరు" అని ఇస్సాకు ఎగతాళి చేసేవాడు.

"తింటే రుచి తెలుస్తుంది, రుచి తెలిస్తే బేరం తెలీదు" అనేవాడు సుదర్శనం.

ఆరు నెలలు తిరిగేసరికి కొండ రూపు మారింది. ఆడవాళ్ళందరివీ జుబేదా వేళ్ళు. మగవాళ్ళందరివీ అబ్రహాం చేతులు. జారిపోయే మట్టికి అడ్డంగా వాళ్ళే గోడలు కట్టుకున్నారు, వాళ్ళే మెట్లు సరిచేసుకున్నారు. ఎవరూ అర్జీ పెట్టలేదు. ఇక నీళ్ళ గొట్టం మిగిలింది. దాన్ని నిట్టనిలువు రాతి అంచున వేలాడుతూ బిగించాలి. అందరికీ పని వచ్చు, అంచు దగ్గరికి వెళ్ళే గుండె లేదు.

"ఇస్సాకు తాతది అందరికీ ఇద్దాం" అంది నిరుపమ.

ఇచ్చింది. నెల తిరక్కుండా ఆడా మగా అంచున వేలాడుతూ, పాటలు పాడుకుంటూ గొట్టం బిగించారు. పైవరసకు నీళ్ళెక్కాయి. ఆ రోజు సుదర్శనం అందరికీ మరమరాలు, బెల్లం పంచాడు. ఆ ధైర్యం అనే సరుకులో లొసుగు ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు, అతనికి కూడా.

తోచింది కొట్లోనే. వానాకాలం మొదలైంది. కొవ్వొత్తులు కదలడం లేదు. తాళాలకు తుప్పు పడుతోంది. దోమల చుట్టలు, కలరా ఉండలు, గుమ్మానికి కట్టే పటిక, ఏవీ ఎవరూ అడగడం లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు అగ్గిపెట్టెలు పెట్టెలకొద్దీ, బియ్యం బస్తాలకొద్దీ దించుకుని ఎదురుచూశాడు. పోయిన ఏళ్ళలో ఆ కబురు వింటే కొట్టు ముందు తోపులాట. ఈసారి ఒక పిల్ల వచ్చి చింతపండు కొనుక్కుని పోయింది.

సుదర్శనం గల్లాపెట్టె ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళుగా తను అమ్మిన సరుకులో సగం భయమేనని అతనికి అప్పుడు అర్థమైంది. దానికి గిరాకీ పోయింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మాణిక్యం పొయ్యి పక్కనున్న తేలును తోక పట్టుకుని ఎత్తి, కిటికీలోంచి బయటికి విసిరి, అదే చేత్తో పిండి కలుపుతోంది.

"కుడితే?" అన్నాడు.

"కుట్టినప్పుడు చూద్దాంలే" అంది. ధీమాగా కాదు, విసుగ్గా కూడా కాదు. ఉప్పు అయిపోయింది అన్నట్టు అంది. పాతికేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి. ఆ గొంతు మాత్రం అతనికి కొత్తది. ఇంకో గదిలో మంచం వేసుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

తుపాను తీరం దాటినా వాన ఆగలేదు. మూడోరోజు పొద్దున సుదర్శనం ఎప్పటిలా ఏనుగు బండ వంక చూశాడు. బండ అక్కడే ఉంది. దాని కింద నుంచి వచ్చే ఊట మాత్రం ఎర్రగా ఉంది. ఏళ్ళ తరబడి తెల్లగా కారిన నీరు ఆ రోజు మట్టిని మోసుకొస్తోంది. బండకూ కొండకూ మధ్య, నిన్న చెయ్యి కూడా దూరదనిపించిన చోట, ఇవాళ మనిషి పట్టేంత సందు కనిపిస్తోంది.

ముందు పెళ్ళాం దగ్గరికి పరిగెత్తాడు. "మాణిక్యం, బండ కదిలింది. సంచి సర్దు, దిగిపోదాం."

ఆమె వచ్చి చూసింది. "అవునండోయ్, కదిలింది. దిగాల్సిందే" అంది. సుదర్శనం ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె లోపలికెళ్ళింది కానీ సంచి తీయలేదు. నానబోసిన మినప్పప్పు ముందేసుకుని రుబ్బడం మొదలెట్టింది.

"అదేంటే?"

"దిగుతానన్నాగా. వాన తగ్గాక దిగుదాం. పప్పు పులిసిపోద్ది."

ఇంటింటికీ తిరిగాడు. అందరూ ఒప్పుకున్నారు. అదే అన్నిటికంటే భయంకరం. కాదన్నవాడితో వాదించవచ్చు. సూరమ్మ, "నిజమే శెట్టిగారూ, పడిద్ది" అని మనవణ్ణి ఉయ్యాల్లో ఊపుతూ కూర్చుంది. జుబేదా, "ఈ రెండు జాకెట్లూ అయ్యాక" అంది. మైకు పట్టుకుని వచ్చిన ఆఫీసువాళ్ళకు అబ్రహాం కుర్చీలు వేసి టీ ఇప్పించి పంపేశాడు. ఎవరికీ తొందర లేదు. బుర్రలన్నీ బాగానే ఉన్నాయి, కాళ్ళను కదిపేది మాత్రం ఏదీ లేదు.

బడి గదికి వెళ్ళేసరికి సుదర్శనం మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. నిరుపమ పెట్టెల ముందు ఉంది. ఆమె మణికట్టుకూ పట్టీ ఉంది. అందరికంటే ముందు కట్టుకున్నది ఆమే.

"ఆపెయ్యవే తల్లీ! అవి ఆపెయ్!"

"ఆపితే లాభం లేదు మావయ్యా. ఒంట్లో ఇంకిపోయింది. అలాగే చేశాగా నేను." ఆమె తెర వంక చూస్తూ నిదానంగా చెప్పింది. "భయాన్ని నేను తీసెయ్యలేదు. ఎవరికేముందని అడిగినప్పుడు దాన్ని లేనివాటి లెక్కలో వేశా. ఇస్సాకు తాత ధైర్యం పారేసరికి దాని గొంతు ఎవరికీ వినబడట్లా. అది కూడా ఒక బలమేనని నాకప్పుడు తట్టలేదు."

"బండ పడిద్దే!"

"తెలుసు. లెక్క కట్టా. సాయంత్రం దాకా ఆగదు." అని, తన చేతుల వంక వింతగా చూసుకుంది. "అమ్మ కూడా పైనే ఉంది. చూడు, నా చెయ్యి వణకట్లా. వణకాలని తెలుస్తోంది మావయ్యా. రావట్లేదు."

ఆమె మొహం చూసి సుదర్శనం రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడే ఆమె కళ్ళు అతని మణికట్టు మీద ఆగాయి.

"నువ్వు కట్టుకోలేదు కదూ."

వాన రేకుల మీద మోత మోగిస్తోంది.

"కొండ మొత్తానికి నీ దగ్గరే మిగిలింది" అంది నిరుపమ. "నీది తోడి అందరికీ పారించొచ్చు. పట్టీలు ఇంకా చేతులకే ఉన్నాయి."

"ఇస్సాకుది నెల పట్టింది."

"నెమ్మదిగా తోడాను కాబట్టి. ఊట ఊరేకొద్దీ తోడుకుంటూ పోతే బావి ఎండదు. ఇప్పుడు అరగంటలో తోడాలి."

"అరగంటలో తోడితే బావికేమవుద్ది?"

"ఎండిపోవచ్చు. ఊరొచ్చు కూడా." ఆమె భుజాలెగరేసింది. "ఏం కాదులే మావయ్యా."

ఆ మాట చెప్పేది అతనెరిగిన పిల్ల కాదు. ఆమెలోంచి మాట్లాడుతున్నది క్వారీలో వత్తి అంటించి నడిచొచ్చిన ఇస్సాకు గుండె. ఈ బేరంలో నష్టమెంతో చెప్పగలిగినవాళ్ళు కొండ మీద ఇంకెవరూ లేరు. తనే కట్టుకోవాలి లెక్క.

కట్టాడు. అతను బతుకంతా నిలబడింది ఆ భయం మీద. అది లేకపోతే ఏ సరుకు ఎక్కడ ఆపాలో తెలియదు, ఎవరిని నమ్మకూడదో తెలియదు. చేతులు కాళ్ళు తీసిచ్చినట్టే. అటువైపు తక్కెడలో పైవరస. ఉయ్యాల్లో సూరమ్మ మనవడు. పప్పు రుబ్బుతున్న మాణిక్యం. తనొక్కడే కిందికి దిగి కొట్లో కూర్చుంటే బతికిపోతాడు. ఆ ఆలోచన కూడా వచ్చింది, వచ్చి కాసేపు ఉంది. తర్వాత చెయ్యి చాపాడు.

"కట్టు."

"ఇక్కడ కాదు" అంది నిరుపమ, ఒక పట్టీ అతని చేతిలో పెడుతూ. "ఒంట్లో జరుగుతున్నదాన్నే ఇది తీసుకుంటుంది. నువ్వు అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ భయపడతావో అక్కడికెళ్ళు. ఫోను చెవికి పెట్టుకో."

ఆ చోటు ఏదో చెప్పాల్సిన పని లేదు. ముప్పై ఏళ్ళుగా అతను పెరటి గోడ దాటి ఆ బండ దగ్గరికి అడుగు వేయలేదు. ఇప్పుడు గోడ దాటాడు. బురదలో పాకుతూ బండ కింద సందులోకి, ఎర్రనీళ్ళు కారే చోటికి వెళ్ళి వీపు ఆనించి కూర్చున్నాడు. రాయి చల్లగా ఉంది. దాని లోపల ఎక్కడో పళ్ళు నూరుతున్న చప్పుడు. చిన్న రాళ్ళు నెత్తిన రాలుతున్నాయి.

"మావయ్యా, బిగించావా?"

"బిగించానే."

"భయంగా ఉందా?"

"అది కూడా అడుగుతావటే, నీ నోరు పడిపోను!" అని అరిచాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. పొట్టలో పేగులు చల్లగా ముడిపడ్డాయి. పారిపొమ్మని ఒళ్ళంతా కేకలు పెడుతోంది. మాణిక్యం మీద ఇంటి కప్పు కూలడం కళ్ళకు కట్టింది. పిండి అంటిన ఆమె చెయ్యి రాళ్ళ కిందనుంచి బయటికి కనిపించింది. అతను ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా బిగ్గరగా ఏడ్చాడు.

మణికట్టు దగ్గర సూదులు గుచ్చినట్టయింది. ముందు మోకాళ్ళ వణుకు ఆగింది. తర్వాత పేగుల ముడి విడింది. నోట్లో తడి ఊరింది. అతను తలెత్తి బండ వంక చూశాడు. మంచి బండ. గచ్చుకు కొట్టిస్తే చాలా ఇళ్ళకు వస్తుంది.

కింద ఎక్కడో సూరమ్మ కేక వినిపించింది. ఆ కేకకు ఇంకో కేక తోడైంది. గిన్నెలు దొర్లాయి, తలుపులు బాదుకున్నాయి, పిల్లల ఏడుపులు లేచాయి, మెట్ల మీద వందల పాదాల చప్పుడు. కొండ మొత్తం ఒకే గొంతుతో అరుస్తున్నట్టుంది. ఇస్సాకు గొంతు కూడా అందులో ఉంది: "దిగండ్రా! దేవుడా, దిగండ్రా!" అందరూ దిగుతున్నారన్నమాట, బాగుంది అనుకున్నాడు సుదర్శనం. కాళ్ళు చాపుకున్నాడు.

దిగుతున్న జనంలో అతను లేడని చూసి, మాణిక్యం ఒక్కతే వాళ్ళకు ఎదురుగా మళ్ళీ పైకొచ్చింది. జుట్టు ఊడిపోయి, చేతుల నిండా పప్పుపిండితో, పెరటి గోడ మీద పడి లేచి, సందులోకి తల పెట్టింది. ఆమె మొహం నిండా భయం. తన భయమే అది. ముప్పై ఏళ్ళు అద్దంలో చూసుకున్న మొహం.

"లేవండి! పడిపోతందండీ, లేవండి!"

"వాన తగ్గనీవే. దిగుదాంలే" అన్నాడు నిదానంగా.

ఆమె ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత అతని చెంప పగలగొట్టింది. చొక్కా కాలరు పట్టుకుని బురదలో ఈడ్చింది. అతను ఎదురు తిరగలేదు, సాయమూ చేయలేదు. మెట్ల మలుపు దాటి, అబ్రహాం కట్టిన గోడ చాటుకు వచ్చారో లేదో, వెనక పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడైంది. ఏనుగు బండ పైవరస ఇళ్ళను ఒక్క తుడుపు తుడిచి, బడి గదిని, అందులోని నాలుగు పెట్టెలను తొక్కుకుంటూ వెళ్ళి కొట్టు మీద ఆగింది. మాణిక్యం అతన్ని కావలించుకుని గజగజ వణికిపోతోంది. సుదర్శనం మాత్రం తలెత్తి దుమ్ము ఎంత ఎత్తు లేచిందో చూస్తున్నాడు.

నిరుపమ అమ్మను పట్టుకుని ముందే దిగింది. మర్నాడు పునరావాసపు షెడ్డులో అతని కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. కొత్త పెట్టెలు తెచ్చి, మాణిక్యం భయాన్ని తోడి అతనికి ఎక్కించాలని నెలల తరబడి చూసింది. చుక్క నిలవలేదు. ఇప్పుడామె ఏ పెట్టె మీట నొక్కాలన్నా ముందు పది మందిని పిలిచి అడుగుతుంది. అడిగేటప్పుడు చెమటలు పడతాయి.

ఏడాది తర్వాత కాలువ అవతల చదును నేల మీద కొత్త వీధి లేచింది. అబ్రహాం చేతులు, జుబేదా వేళ్ళు ఎవరినీ విడిచిపోలేదు. ఆ చేతులతోనే కట్టుకున్నారు. ఉరిమితే మాత్రం వీధంతా బయటికొస్తుంది. ఇస్సాకు ఇప్పుడు స్టూలెక్కి బల్బు మార్చలేడు. "శెట్టిగారూ, మీ సరుకు బలే గట్టిదండీ, తరగట్లా" అని సిగ్గుపడుతూ నవ్వుతాడు.

కొట్టు మాణిక్యం నడుపుతోంది. సుదర్శనాన్ని బేరానికి కూర్చోబెట్టదు. అడిగినవాడికల్లా అడిగినంతా ఇచ్చేస్తాడు. పొయ్యి దగ్గరికి రానివ్వదు. ఒకసారి ఆమెను అడిగాడు, తను చూడని ఊళ్ళో దొరికే సరుకు గురించి అడిగినట్టు: "అది ఎలా ఉంటదే?" ఆమె అతని అరచేతిని తన గుండె మీద పెట్టుకుంది. అది దడదడ కొట్టుకుంటోంది. "మీరు గుమ్మం దాటితే చాలు, ఇట్టాగే" అంది.

ఇక లెక్క. పోయినవి: పాత కొట్టు, పైవరస ఇళ్ళు, బడి గది, కొందరి పిల్లల కంటి నిండా నిద్ర, ఒక మనిషి భయం. మిగిలినవి: ఆ వరసలో ఒక్క తలా తగ్గలేదు, ఉయ్యాల్లో పిల్లవాడికి నడక వచ్చింది. సుదర్శనం రోడ్డు దాటబోతే ఏ గుమ్మంలోంచో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటారు. పట్టుకున్న ఆ చెయ్యి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఒకప్పుడు తనదేనని అతనికి తెలుసు. తిరిగి రాదనీ తెలుసు. లాభం ఏంటని ఎవరైనా అడిగితే అతను చూపించేది ఆ వణికే చేతులనే.